ముస్యే గారి టేపు

షార్జా అల్ నహ్దాలో మేం ఆరుగురం ఉండే గదిలో, కిటికీ పక్క మంచానికి పైన గోడకి ఒక మేకుంది. ఆ మేకుకి మూడేళ్ళపాటు ఒక టేపు వేలాడింది. దర్జీలు మెళ్ళో వేసుకునే కొలత టేపు. పసుపు రంగు వెలిసిపోయి, మొదటి రెండంగుళాల అంకెలు వేళ్ళ రాపిడికి చెరిగిపోయిన టేపు. ఆ మూడేళ్ళలో ఆ మంచం మీదికి నలుగురు వచ్చారు, పోయారు. వచ్చిన ప్రతివాడూ మొదటిరోజే దాన్ని తీసి అవతల పడేయబోయేవాడు. నేను అడ్డుపడేవాణ్ణి. జగిత్యాల నుంచి వచ్చినతనికి, దాన్ని తీసినవాడి వీసా నెల తిరక్కుండా క్యాన్సిలయిందని చెప్పాను. నెల్లూరు భాయ్‌కి, అది ఓ పెద్ద షేక్ గారి పెళ్ళి బట్టలు కొలిచిన టేపనీ, మ్యూజియంవాళ్ళు వచ్చి అడిగినా మేం ఇవ్వలేదనీ చెప్పాను. ఇద్దరూ నమ్మారు. నెల్లూరు భాయ్ అయితే దాంతో ఫోటో కూడా దిగాడు.

అది యానాం ముస్యే గారి టేపు, వెళ్ళేరోజు మర్చిపోయాడు, ఎప్పుడైనా వచ్చి అడిగితే ఇవ్వాలి కదా అని ఉంచాను అని నిజం చెబితే ఎవడు ఆగుతాడు చెప్పండి?

ఇంక అడగడు. కిందటేడు ఓ పొద్దున జెబెల్ అలీలో మా గోడౌన్ దగ్గర ట్రక్కు దింపిస్తుంటే, పాత రూమ్మేట్ల గ్రూపులో మెసేజ్ వచ్చింది. “ముస్యే గారు పోయారు. యానాంలోనే. నిద్రలో.” నేను కాసేపు ఓ పెట్టె మీద కూర్చుండిపోయాను. మా ముదీర్, అంటే మేనేజరు, వచ్చి ఏమైందన్నాడు. మా బాబాయి పోయాడని చెప్పాను. అదీ అబద్ధమే గాని, నా జీవితంలో అంత చిన్న అబద్ధం ఇంకోటి చెప్పలేదు.

ఆయన అసలు పేరు ఇక్కడ రాయను. ఆ పేరుతో ఆయన్ని గుర్తుపట్టింది లేబర్ కార్డు ఒక్కటే. మాకందరికీ ముస్యే గారు. ఫ్రెంచిలో మగవాళ్ళని అలా గౌరవంగా పిలుస్తారని ఆయనే చెప్పి, ఆయనే మా అందరినీ అలా పిలవడంతో, ఆ పిలుపు తిరిగి తిరిగి ఆయనకే అంటుకుంది. మా బిల్డింగు కింద లాండ్రీ పక్కన, ఒక్క మిషను మాత్రమే పట్టే కొట్టులో ఆల్టరేషన్ దర్జీ. ప్యాంట్ల పొడుగు తగ్గించడం, నడుం వదులు చెయ్యడం, జిప్పులు మార్చడం. అరవై దాటిన వయసు, నిటారు మనిషి. లుంగీకి కూడా ఇస్త్రీ పెట్టుకునేవాడు. రొట్టె టీలో ముంచుకునే ముందు ఒళ్ళో రుమాలు పరుచుకునేవాడు. ఆడవాళ్ళు కనబడితే లేచి నిలబడేవాడు. మా ఆవిడ వీడియో కాల్లో కనబడినా సరే, మంచం మీంచి లేచి, ఫోను పెట్టేసేదాకా అలాగే ఉండేవాడు. ఆ సంగతి తెలిశాక మా ఆవిడ కావాలని ఓ పావుగంట ఎక్కువ మాట్లాడేది.

టేపు ఎప్పుడూ మెళ్ళోనే. ఏదైనా ముఖ్యమైన మాట చెప్పాలంటే ముందు దాని రెండు కొసలూ రెండు చేతుల్తో పట్టుకుని, సమంగా వచ్చేదాకా కిందికి లాగి, అప్పుడు నోరు విప్పేవాడు. కోటు సర్దుకున్నట్టుండేది. ఎవరైనా ప్యాంటు తొందరగా కావాలంటే, “తొందర దేనికండీ, గోదావరి ఎక్కడికీ పోదు” అనేవాడు. షార్జా నడిబొడ్డున గోదావరేమిటో అర్థంకాక కేరళవాళ్ళు, పఠాన్లు సర్లెమ్మని ఊరుకునేవారు.

ఇంక ఆయన ఫ్రెంచి. లిఫ్టులో ఎక్కిన ఫిలిప్పీన్ అమ్మాయికి బొంజూర్. షవర్మా కట్టిచ్చిన సిరియావాడికి మెర్సీ. గదిలోంచి బయటికెళ్తూ ఓ రెవ్వార్. “ఇంకో రెండు ముక్కలు మాట్లాడండి ముస్యే గారూ” అంటే మాత్రం, “భాష నలుగుర్లో విప్పుకునే బట్ట కాదండి” అని టేపు సర్దుకునేవాడు. నాకు ముందునుంచీ అనుమానమే. అబద్ధాల వృత్తిలో ఉన్నవాణ్ణి కదా, సాటివాణ్ణి పోల్చుకోలేనా? ఏదో ఒకరోజు ఈయన ఫ్రెంచి ఎంతుందో బయటికి లాగాలని నా మనసులో ఉండేది.

దానికితోడు మాది కాకినాడ. యానానికి ముప్పై కిలోమీటర్లు. యానాం అంటే ఏమిటో మాకు ఇంకొకరు చెప్పాలా? చుట్టూ ఇంగ్లీషువాళ్ళ రాజ్యం ఉండగా మధ్యలో గోదారొడ్డున చెంచాడు ఊరు ఫ్రెంచివాళ్ళు ఏలారు. వాళ్ళు వెళ్ళిపోయాక పుదుచ్చేరి లెక్కలోకి పోయింది. అందువల్ల అక్కడ మందు చవక. మా వైపు మగాళ్ళకి తెలిసిన చరిత్ర అంతవరకే. ఆయన మాత్రం “మా సిటీ” అనేవాడు.

“సిటీ ఏంటండీ ముస్యే గారూ! ఈ చివర నిలబడి తుమ్మితే ఆ చివరోడు చిరంజీవ అంటాడు.”

“మీరెప్పుడు చూశారండీ మా సిటీ?”

“వందసార్లు వెళ్ళాను.”

“మీరెళ్ళింది మందు షాపుకండి. యానానికి కాదు.” టేపు కొసలు కిందికి లాగాడు. “ఒక్కసారి మీ చెల్లెమ్మగార్ని తీసుకుని వెళ్ళండి. ఆడకూతురు పక్కనుంటే మీ తల అటు తిరగదు. అప్పుడు కనబడుద్ది ఊరు.”

మా చెల్లి అజ్మాన్‌లో నర్సు. నేను డ్రైవింగ్ టెస్టు ఆరుసార్లు తప్పాను, అది మొదటిసారికే పాసైంది. ఈ ఒక్క విషయంతో మా ఇద్దరి సంగతీ మీకు అర్థమైపోవాలి. దానికి అబద్ధం చేతకాదు. జ్వరం నూటరెండుంటే నూటరెండనే చెప్తుంది, రోగి గుండె ఆగినా సరే. సెలవురోజు చేపల పులుసు పట్టుకుని మా గదికొచ్చేది. అది తలుపు దాటకముందే ముస్యే గారు లేచి నిలబడి “మదాం” అనేవాడు. అది బాబాయ్ గారూ అని పిలిచేది. నేను ఏ కథ మొదలెట్టినా అడ్డుపడి కొలతలు సరిచెయ్యడమే దాని పని.

ఒక శుక్రవారం మేం ముగ్గురం దాని కారులో ఉమ్ అల్ క్వైన్ వెళ్ళాం. అక్కడ సముద్రం పాయలుగా లోపలికొచ్చి, మడ చెట్లు నీళ్ళలో నిలబడి ఉంటాయి. ముస్యే గారు ఆ మడ చెట్లు చూసి చెప్పులు విడిచి, ప్యాంటు మడిచి నీళ్ళలోకి దిగిపోయాడు. “అచ్చం మా కోరంగి దగ్గర లాగే ఉందండి” అన్నాడు. తర్వాత గంటసేపు ఆ నీళ్ళలోంచి బయటికి రాలేదు. ఆ గంటలో నా గాలానికి ఓ చేప పడింది. తిరిగి గదికొచ్చాక ఆ చేప ఆరడుగులుందని నేను చెప్తున్నాను. చెల్లి జానెడు అంది. గదిలో గొడవైపోయింది. అందరూ ముస్యే గారి వైపు తిరిగారు. “మీరే చెప్పండి, మీ దగ్గర టేపుంది కదా!” ఆయన ఇబ్బందిగా నా మొహం చూశాడు, మా చెల్లి మొహం చూశాడు. టేపు కొసలు సమం చేసుకున్నాడు.

“ఆవేళ నా టేపు తడిసిందండి. తడిసిన టేపు సాక్ష్యం చెల్లదు.”

ఆ మనిషి పద్ధతి అది. ఎదుటివాడి పరువు ఆయన చేతిలోకి వస్తే జారనిచ్చేవాడు కాదు. ఆ సంగతి నాకు అప్పటికింకా తెలియలేదు. తెలిసుంటే కరోనా కాలంలో ఆయన్ని కిందికి లాక్కెళ్ళి ఉండను.

అప్పుడు విమానాలు ఆగిపోయాయి. మా బిల్డింగు గార్డు పాస్కల్ అని కామెరూన్ అతను. వాళ్ళది ఫ్రెంచి మాట్లాడే దేశం. మాతో ఇక్కడ నేర్చుకున్న హిందీ, కాస్త ఇంగ్లీషు కలిపి మాట్లాడేవాడు. ఒక మధ్యాహ్నం ఊళ్ళో వాళ్ళమ్మ పోయిందని కబురొచ్చింది. వెళ్ళడానికి లేదు. టోపీ తీసి బల్ల మీద పెట్టుకుని అలా కూర్చున్నాడు. వచ్చేవాళ్ళు పోయేవాళ్ళు మాస్కుల్లోంచి సారీ అంటున్నారు. నేను పైకెళ్ళి ముస్యే గారికి చెప్పాను. పాపం అనిపించి చెప్పానంటే అందులో సగమే నిజం. రెండో సగం నా పాత అనుమానం. ఈవేళ తప్పించుకోలేడనుకున్నాను.

“మీరే రావాలండి. అతని భాష వచ్చింది మీ ఒక్కరికే.”

ఆయన మొహం పాలిపోయింది. “దుఃఖానికి వేరే మాటలుంటాయండి. నా దగ్గర...” అని ఆగిపోయాడు. ఓ నిమిషం కిటికీలోంచి చూశాడు. తర్వాత లేచి ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు.

కింద ఓ కుర్చీ తెచ్చి, మెళ్ళో టేపు తీసి, పాస్కల్ బల్ల నుంచి సరిగ్గా రెండు మీటర్లు కొలిచి అక్కడ వేశాడు. ఆ రోజుల్లో అంత దూరం ఉండాలి కదా. కూర్చున్నాడు. టేపు కొసలు సమం చేశాడు. బొంజూర్ అన్నాడు. ఆ తర్వాత మెల్లిగా, ఒక్కో మాటా ఏరుకుంటున్నట్టు మొదలెట్టాడు. ఒకటి చెప్పి ఆగడం, మళ్ళీ ఇంకోటి. అరగంట. మధ్యలో పాస్కల్ ఒక్కసారి తలెత్తి ఆయన్ని వింతగా చూశాడు. ఇంకాసేపటికి బల్లమీద తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. ముస్యే గారు రెండు మీటర్లూ దాటకుండా, గాల్లోనే చెయ్యి పెట్టి, అతని వీపు నిమురుతున్నట్టు కదిలిస్తూ కూర్చున్నాడు.

నా అనుమానం ఖలాస్. ఇంత గొప్ప ఫ్రెంచి పండితుణ్ణి పట్టుకుని నేనేమనుకున్నానో అని సిగ్గుపడ్డాను. రెండ్రోజులాగి, చెల్లి పులుసిచ్చి వెళ్ళడానికి వచ్చినప్పుడు, మేమిద్దరం కింద పాస్కల్‌ని పలకరించాం. ఆయన నీకేం చెప్పాడయ్యా అని అడిగాను. అతను చిన్నగా నవ్వాడు.

“గుడ్ మార్నింగ్ అన్నాడు. అప్పటికి మూడు గంటలైంది. రొట్టె వేడిగా ఉంది అన్నాడు. పాలు పొయ్యి మీదున్నాయి అన్నాడు. చేతులు కడుక్కో అన్నాడు. కూర్చో, తిను అన్నాడు. సూపు వదిలెయ్యకు. తలుపు వెయ్యి. వాన వస్తోంది, గొడుగు తీసుకెళ్ళు. అన్నీ అయిపోయాక మళ్ళీ మొదటినుంచి. రొట్టె వేడిగా ఉంది, పాలు పొయ్యి మీదున్నాయి.” పాస్కల్ కళ్ళు తుడుచుకున్నాడు. “ముందు పిచ్చివాడేమో అనుకున్నాను. తర్వాత... ఇవన్నీ పొద్దున్నే మా అమ్మ చెప్పే మాటలు సార్. అవే. ఆ వరసలోనే.”

ఇద్దరం కారు దగ్గరికొచ్చాం.

“అంటే బాబాయ్ గారికి ఫ్రెంచి రాదన్నమాట” అంది చెల్లి.

“ఓ నలభై మాటలొచ్చు. గదిలో చెప్పకే.”

“నా అంతట నేను చెప్పను. ఎవరైనా అడిగితే మాత్రం అబద్ధం చెప్పలేను అన్నయ్యా. నీ సంగతి వేరు.”

“ఎవరూ అడక్కూడదని మొక్కుకో అయితే.”

ఎవరూ అడగలేదు. ఆ ఏడాదే కొట్టు మూతపడింది. ప్రత్యేక విమానంలో ఆయనకి సీటు దొరికింది. వెళ్ళే హడావిడిలో ఇస్త్రీ చేసిన లుంగీలన్నీ సర్దుకున్నాడు గాని, స్నానానికెళ్తూ మేకుకి తగిలించిన టేపు మర్చిపోయాడు. టాక్సీ ఎక్కుతూ మెడ తడుముకున్నాడు. అది టేపు కోసమని నాకు తర్వాత తట్టింది. “చెల్లెమ్మగారితోనే వెళ్ళండి” అని మాత్రం అన్నాడు.

వెళ్ళాం, ఆయన పోయిన నెలన్నరకి. ఇద్దరికీ ఒకేసారి సెలవు దొరికింది. టేపు కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాను. మా బావ కారు, చెల్లి డ్రైవింగు. కాకినాడ దాటేలోపే అలవాటుకొద్దీ రెండుసార్లు కుడిపక్కకి పోయింది.

“ఎడమ, ఎడమ! షార్జా కాదే తల్లీ!”

“ఆరుసార్లు తప్పినవాళ్ళు మాట్లాడకూడదు.”

కోరంగి దగ్గర మడ చెట్లు కనబడ్డాక మాత్రం అదే కారు నెమ్మది చేసింది. ఇద్దరికీ ఉమ్ అల్ క్వైన్‌లో ప్యాంటు మడుచుకుని నిలబడ్డ మనిషే గుర్తొచ్చాడు. అచ్చం అలాగే ఉంది. కాదు, అక్కడిది ఇలా ఉందనాలి.

యానాంలో ముందు గోదారొడ్డుకెళ్ళాం. అంత వెడల్పు గోదారి ఆ ఊరికుందని నాకు అంతవరకూ తెలియదు. తెల్లటి పాత చర్చి ఉంది. దాని చుట్టూ తొందరలేని వీధులున్నాయి. టీ కొట్టు ముసలాయనకి నేను కొంటెగా బొంజూర్ అన్నాను. “బొంజూర్, బొంజూర్. టీయా, కాఫీయా?” అన్నాడు తలెత్తకుండా. ముస్యే గారు చెప్పిన సిటీ ఉంది. నేనే వందసార్లు దాని పక్కనుంచి పోయాను.

షార్జాలో దర్జీ పని చేసినాయన ఇల్లెక్కడని అడిగాం. టీ కొట్టాయన ఓ క్షణం ఆలోచించాడు. “ఓ, షేక్ గారిల్లా? మూడో సందు.”

మేమిద్దరం మొహాలు చూసుకున్నాం.

ఆయన భార్య అరుగు మీద బియ్యం ఏరుతోంది. ఎవరిమో చెప్పగానే చాట పక్కన పెట్టి లోపలికి తీసుకెళ్ళింది. టేపు చేతిలో పెట్టాను. ఆవిడ దాన్ని విప్పి, చెరిగిపోయిన అంకెల మీద బొటనవేలు పెట్టి చూసుకుంది.

ఆయనకి ఫ్రెంచి ఎలా వచ్చిందని మెల్లిగా అడిగాను. ఆవిడ ఆశ్చర్యపోయింది. “ఫ్రెంచా? వాళ్ళమ్మ ఇక్కడ ఫ్రెంచి పింఛను తీసుకునే దొరగారింట్లో వంట చేసేదండి. ఆ వంటింట్లో విన్న నాలుగు ముక్కలు. రొట్టె, పాలు, తలుపు వెయ్యి. ఇక్కడ అదేం గొప్ప? మా పక్కింటివాళ్ళది ఫ్రెంచి పాస్‌పోర్టు. వాళ్ళ ముందు నోరెత్తుతారా? ఈయన గొప్పంతా అరబ్బీయే కదండీ! చేపల బజారుకెళ్ళినా మర్హబా, షుక్రన్. ఖర్జూరం డబ్బా మీద అక్షరాలు చదివి చెప్పేవారు. ఊరంతా షేక్ గారనేది.”

నేను గోడకేసి చూస్తున్నాను. షార్జాలో మగవాళ్ళ మరుగుదొడ్డి ఏదో కూడా బొమ్మ చూసి పోల్చుకున్న మనిషి ఆయన.

ఆవిడ గొంతు తగ్గించింది. “పెద్దకర్మ రోజున మా వెనకింటాయన, మస్కట్‌లో చేసొచ్చాడు, నలుగుర్లో నవ్వాడండి. ఖలాస్, యల్లా, ఇవేనా అరబ్బీ, ఎడారిలో కాలుపెట్టిన ప్రతివాడికీ వస్తాయివి, షేకూ లేడు గీకూ లేడు, అన్నాడు. ఇరవై రెండేళ్ళు. ఇక్కడ నేనూ, అక్కడ ఆయనా. ఆ దేశంలో ఏం సంపాదించారో నేనెప్పుడూ అడగలేదు. ఆ భాష మాత్రం మా ఆయనకొచ్చని చెప్పుకున్నాను. అది కూడా లేదంటున్నాడు.”

నేను గొంతు సవరించుకున్నాను. నాలుగు కథలు అప్పటికే నోట్లోకొచ్చేశాయి. ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

“మీరొద్దండి బాబూ. మీరు సరదా మనిషని ఆయన చెప్పారు. చెల్లెమ్మ మాత్రం నిలువునా నిజం, ఒక్క అంగుళం అటూఇటూ చెప్పదు అనేవారు.” మా చెల్లి వైపు తిరిగింది. “నువ్వు చెప్పమ్మా. ఆయనకి అరబ్బీ వచ్చా, రాదా?”

నా జీవితంలో అంత భయం ఎప్పుడూ పడలేదు, ఇది నిజం. చెల్లి తలొంచుకుంది. ఆ మొహం నాకు తెలుసు. జ్వరం నూటరెండని చెప్పబోయే మొహం అది.

తర్వాత అది చున్నీ రెండు కొసలూ చేతుల్లోకి తీసుకుంది. సమంగా వచ్చేదాకా కిందికి లాగింది.

“మా క్లినిక్కి కరోనాలో ఒక అరబ్బు ముసలావిడ వచ్చింది పిన్నిగారూ” అంది. “కొడుకు పోయాడు. ఆఖరి చూపు లేదు. ఎవరితోనూ మాట్లాడదు, తిండి తినదు. డాక్టర్లు కూడా వల్లకాదన్నారు. నేను బాబాయ్ గారికి ఫోన్ చేశాను. వచ్చారు. మెళ్ళో టేపు తీసి సరిగ్గా రెండు మీటర్లు కొలిచి కుర్చీ వేసుకున్నారు. అరగంట మాట్లాడారు, అరబ్బీలో. ఆవిడ ముందు వింతగా చూసింది. తర్వాత బల్లమీద తలపెట్టుకుని ఏడ్చింది. లేచి రొట్టె తింది. ఏం చెప్పారమ్మా అని నేను తర్వాత అడిగాను. మా అమ్మ మాట్లాడినట్టే మాట్లాడాడు అంది.”

ఆవిడ చాలాసేపు మా చెల్లినే చూసింది. “రెండు మీటర్లు” అంది. “కొలిచి వేసుకుంటారు. అది ఆయనే.” లేచి, చెంగుతో కళ్ళొత్తుకుని, పెరటి గుమ్మంలోకెళ్ళి, వెనకింటివైపు తిరిగి గట్టిగా కేకేసింది. “ఏవయ్యా మస్కటు! ఒకసారి ఇలా వస్తావా? షార్జా నుంచి నర్సమ్మగారొచ్చారు!”

ఆ కథ చెల్లి రెండోసారి చెప్పాల్సొచ్చింది. రెండోసారి ఇంకా బాగా చెప్పింది. ముసలావిడ చేతికి రెండు బంగారు గాజులు కూడా వేసింది. వెనకింటాయన చేతులు కట్టుకుని వెళ్ళిపోయాడు.

తిరుగు దారిలో చెల్లి ఎడమపక్కనే నడిపింది, ఒక్కసారి కూడా తప్పలేదు. నేను దాని మొహంకేసి చూస్తూ కూర్చున్నాను. ఊరు దాటి చాలా దూరం వచ్చాక గాని, మందు షాపులు ఎప్పుడు వచ్చాయో ఎప్పుడు పోయాయో చూడలేదని గుర్తు రాలేదు.

“ఆ గాజులు అక్కర్లేదే. కొలత చెప్పావు చూడు, అది చాలు” అన్నాను.

అది నవ్వలేదు. కోరంగి మడ చెట్ల దగ్గర కారు మళ్ళీ నెమ్మది చేసింది.

“అన్నయ్యా, ఉమ్ అల్ క్వైన్‌లో ఆవేళ నువ్వు పట్టిన చేప ఎంతుంది?”

“జానెడు” అన్నాను.

“కాదు” అంది మా చెల్లి, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. “ఆరడుగులు. నేను పక్కనే ఉన్నాను.”